చెవిరాయి

కెచికాన్‌లో వాన తెరిపివ్వని తొమ్మిదో రోజు.
రేవు వెనక రేకుల షెడ్డులో
లిగాయా స్పిరిట్ దీపం వెలిగించింది.

పళ్లెంలో చేప తల.
పైకి లాగిన తొందరకి కళ్లు ఉబ్బి
ఇంకా లోతునే చూస్తున్నాయి.
పుర్రె అడుగున కత్తిమొన తిప్పి
రెండు రాళ్లు తీసింది,
చిక్కుడు గింజలంతవి, పాలపళ్ల తెలుపు.
రాక్‌ఫిష్ దుద్దులు చెవికి లోపల.
ఏడాదికో పూత పూసుకుంటుంది,
ఎవరికీ చూపించదు.

వయసు చెబితే ఆయుష్షు తరుగుతుందంటారే,
ఇక్కడ ఆ మాట తిరగబడింది.
ఆయుష్షు తీస్తే తప్ప
వయసు చెప్పదు.

రాయి విరిచి, సగం ముక్కని మంటకి చూపించింది.
వెంట్రుక కాలిన వాసన.
చలికాలాలు ఒక్కొక్కటే గోధుమరంగు తేలాయి.
నూనెచుక్క వేసి, మైక్రోస్కోపు మీదికి వంగి,
పెదాలు కదలకుండా లెక్క.
నలభై.
టీ చల్లారిపోయింది.
తొంభై.
నూరేళ్లు నిండడమనేది దీనికి
ఎప్పుడో రాత్రి నిద్రలో దాటిపోయిన స్టేషను.
నూట ముప్పై నాలుగు.
లిగాయా తాత ఫిలిప్పీన్స్ నుంచి
సాల్మన్ డబ్బాల కార్ఖానాకి కూలికొచ్చేనాటికే
దీనికి ముప్పై దాటాయి.

కాలిఫోర్నియా నుంచి వచ్చిన కుర్రది అన్నెలీస్
రెక్కల కొసలు కత్తిరించి సీసాల్లో వేసుకుంటూ చెబుతోంది:
వీటన్నిటికీ ఒకటే ఇంటిపేరు.
నూరుకు పైగా తోబుట్టువులు.
దక్షిణాన, వెచ్చటి నీళ్లలో ఉండేదొకటి
పదకొండేళ్లకే సరి.
ఇదేమో రెండొందలు చూడగలదు.
అదే మొప్ప, అదే ముల్లు.
తేడా అంతా రాతలో.

నుదుటి రాత కాదు,
కణంకణంలో చుట్టచుట్టి దాచిన రాత.
కలం పక్కన దీర్ఘం పడితే కాలమైనట్టు
ఎక్కడో ఒక ప్రొటీనులో ఒక్క అక్షరం మారుతుంది.
తెగిన పోగుని అతికే చేతికి ఓపిక పెరుగుతుంది.
ఇన్సులిన్ కబురు వినే చెవి కాస్త మందగిస్తుంది.
ఒంటికి కాపలా ఉన్నవాడు
ప్రతి చప్పుడుకీ లేచి
సొంతింటికే నిప్పు పెట్టడం మానుకుంటాడు.
ఇందులో ఏ ఒక్కటీ చాలదు.
అన్నీ కలిపినా చాలవేమో,
"లోతు కావాలి, చలి కావాలి" అంది అన్నెలీస్.
చల్లగా బతుకు అని ఎవరు దీవించారో గాని
చేప ఆ మాటని మాటగానే పట్టుకుంది,
నాలుగు డిగ్రీల చీకట్లో.

పదకొండు అన్నప్పుడు లిగాయా తలెత్తలేదు.
పట్టకారు మాత్రం గాలిలో ఆగింది.
అక్క అమిహాన్‌కి పదకొండు.
అదే కడుపు, అదే చప్పిడి ముక్కు,
పుట్టుమచ్చ కూడా అదే భుజాన.
రక్తంలో ఏదో అన్నారు డాక్టర్లు,
ఫైల్లో మూడక్షరాలు, ఒక అంకె.
మరుసటేడు అక్క గౌను
లిగాయాకి చంకల దగ్గర బిగుతైంది.
ఈ మార్చికి ఆమెకి అరవై మూడు.

అడగాలనుకున్నది అడగలేదు.
"ఈ కత్తిరించిన రెక్క మళ్లీ మొలుస్తుందా?" అంది.
"చచ్చినదానికా?" అని కుర్రది నవ్వి,
ఎందుకో నవ్వు మధ్యలోనే ఆపేసింది.

రూలు ప్రకారం రెండోమనిషి చూడాలి,
మొదటి అంకె తెలియకుండా.
పక్కబల్ల ఐనార్ చీటీ తిప్పాడు:
నూట ముప్పై ఒకటి.
అంచు దగ్గర గీతలు వెంట్రుకవాసి కూడా ఉండవు,
ముసలితనంలో ఏళ్లు
ఒకదానిమీదొకటి ఒరిగి పడుకుంటాయి.
"రాసెయ్, ఇంత వయసులో
మూడేళ్లూ ఒక లెక్కా" అన్నాడు.

లిగాయా రెండో రాయి అందుకుంది.
మూడేళ్లంటే, అని మొదలుపెట్టి
ఊరుకుంది.
దీపం వత్తి సరిచేసి
మొదటి గీత దగ్గర్నుంచి.